నలందకు ముందు మజిలీ: వియత్నాం భిక్షువుల విదేశ విద్యాసన్నాహం

క్రీ.శ. 671లో చైనా దక్షిణ తీరంలోని గ్వాంగ్‌జౌ రేవులో ఓడనెక్కిన ఇత్సింగ్ ఇరవై రోజులు నిండకముందే సుమత్రా ద్వీపంలోని శ్రీవిజయం చేరుకున్నాడు. ఆయన గమ్యం నలంద. అయినప్పటికీ శ్రీవిజయంలో ఆరు నెలలు నిలిచి శబ్దవిద్యను, అనగా సంస్కృత వ్యాకరణాన్ని అభ్యసించాడు. 673లో వంగదేశపు రేవుపట్టణమైన తామ్రలిప్తిలో దిగిన తరువాత కూడా తిన్నగా నలందకు పోలేదు. అక్కడే మరొక ఏడాదికి పైగా ఉండి భాషాధ్యయనం కొనసాగించాడు. అనంతర కాలంలో తన అనుభవాన్ని పురస్కరించుకొని ఒక సలహా వ్రాసిపెట్టాడు. శ్రీవిజయ నగరంలో వెయ్యిమందికి పైగా భిక్షువులున్నారనీ, వారి అధ్యయనమూ ఆచారమూ మధ్యదేశంలోని వాటికి భిన్నం కావనీ, పశ్చిమానికి పోయి చదువదలచిన భిక్షువు ముందుగా ఇక్కడ ఒకటి రెండేళ్ళు గడిపి సాధన చేసి, తరువాత భారతదేశానికి ప్రయాణం సాగించడం మేలనీ ఆ సలహా సారాంశం. విదేశ విద్యకు వెళ్ళేవారిని ఎట్లా సన్నద్ధం చేయాలన్న ప్రశ్నకు ఆసియా ఖండం వ్రాసుకున్న తొలి సమాధానాలలో ఇది ఒకటి.

నేడు విదేశ విద్యాసన్నాహం అనగానే ప్రవేశపరీక్ష, ఉపకారవేతనం, వీసా స్ఫురిస్తాయి. వియత్నాం భిక్షువుల విద్యాయాత్రల చరిత్రను పరిశీలిస్తే ఇంతకంటె లోతైన మూడు అవసరాలు కనబడతాయి. మొదటిది భాష. రెండవది స్వదేశానికీ గమ్యానికీ నడుమ విద్యార్థి నిలదొక్కుకొనే మజిలీ. మూడవది నేర్చినదానితో తిరిగి వచ్చి కూర్చుండదగిన నెలవు. ఏడవ శతాబ్దపు యాత్రికులకు మొదటి రెండూ కొంత సమకూరాయి; మూడవది సమకూరలేదు. ఆ మూడూ ఒక్కచోట కలియడానికి పన్నెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

ఆరుగురు యాత్రికులు

ధర్మాన్వేషణకై పశ్చిమానికి వెళ్ళిన భిక్షువుల జీవితాలను ఇత్సింగ్ ఒక గ్రంథంగా సంకలించాడు. అందులో యాభైమందికి పైగా యాత్రికుల చరిత్రలున్నాయి. వారిలో ఆరుగురు నేటి ఉత్తర వియత్నాం ప్రాంతీయులు. నలుగురిది ఎర్రనది లోయలోని గియావో మండలం. ఇద్దరిది దానికి దక్షిణాన, నేటి థాన్ హోవా ప్రాంతంలోని ఆయ్ మండలం. ఆనాడు ఈ రెండు మండలాలూ చైనా తాంగ్ సామ్రాజ్య పాలనలో ఉండేవి. దక్షిణ సముద్రయానానికి గియావో రేవు ముఖద్వారం వంటిది. కనుక అక్కడి భిక్షువులకు సముద్రం అపరిచితం కాదు. అపరిచితమైనది ఓడ దిగిన తరువాతి లోకం.

ఆ ఆరుగురిలో పలువురికి సంస్కృత నామాలున్నాయి. గియావో మండలానికి చెందిన మోక్షదేవుడు దక్షిణ సముద్రం దాటి, అనేక దేశాలు తిరిగి, బుద్ధగయలోని మహాబోధి విహారం చేరి, పవిత్ర స్థలాలన్నిటికీ మ్రొక్కి అక్కడనే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైనాలుగో ఇరవైఐదో. చిత్రదేవుడు సింహళం మీదుగా పశ్చిమ భారతం చేరి, అక్కడ కలిసిన చైనా భిక్షువు హ్యుయాన్‌జావోతో మగధకు వచ్చాడు. సంస్కృత సూత్రాలను చక్కగా వల్లించగలవాడనీ, పోయిన చోటనల్లా వాటిని గానం చేసేవాడనీ ఇత్సింగ్ మెచ్చుకున్నాడు. బోధివృక్షాన్ని దర్శించిన పిమ్మట రాజగృహంలోని వేణువనంలో వ్యాధిగ్రస్తుడై, సుమారు ముప్పై ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశాడు. ఆయ్ మండలానికి చెందిన ప్రజ్ఞాదేవుడు గంగానదికి ఉత్తరాన ఒక విహారంలో నివసించి, యాభై దాటిన వయస్సులో అక్కడనే కాలం చేశాడు. హ్యూ జియెమ్ అనే భిక్షువు గురువు వెంట సింహళం వెళ్ళి నిలిచిపోయాడు; ఆపైన ఆయన బ్రతికి ఉన్నదీ లేనిదీ ఇత్సింగ్‌కు తెలియరాలేదు.

అయిదవవాడైన వాన్ కీ కథ కొంత భిన్నం. ఆయన జావా ద్వీపంలో జ్ఞానభద్రుడనే ఆచార్యుని వద్ద ఉపసంపద పొంది, పదేళ్ళకు పైగా దక్షిణ సముద్ర దేశాలలో సంచరించి, ఆ ద్వీపాల భాషలో నేర్పరి అయ్యాడు. సంస్కృతమూ కొంత ఎరుగును. జ్ఞానభద్రుని సహాయంతో హ్యునింగ్ అనే చైనా భిక్షువు జావాలో ఒక నిర్వాణ గ్రంథాన్ని చైనీస్‌లోకి అనువదించినప్పుడు, ఆ ప్రతిని గియావోకూ అక్కడినుంచి రాజధాని చాంగాన్‌కూ చేర్చిన దూత వాన్ కీయే. తిరుగుదారిలో ఆయన గియావోలో ఆగి భిక్షువులకూ గృహస్థులకూ జరిగినదంతా వివరించాడు. వారు కొన్ని వందల తానుల పట్టు సమర్పించారు. ఆ కానుకతో ఆయన ఆచార్యుని ఋణం తీర్చుకోవడానికి మళ్ళీ జావాకు ఓడనెక్కాడు. కాలక్రమంలో గృహస్థ జీవితం స్వీకరించి శ్రీవిజయంలో స్థిరపడ్డాడు. స్వదేశీయులకు ఆదరం లేకపోలేదని ఆ పట్టు తానులు చెబుతున్నాయి. అయితే ఆ బహుభాషాకోవిదుని పాండిత్యాన్ని గియావోలోనే నిలుపుకొనగల ఏర్పాటేదీ ఈ వృత్తాంతంలో కనబడదు.

పన్నెండేళ్ళ మజిలీ

ఆరవవాడు మహాయానప్రదీపుడు. సన్నాహం అన్న మాటకు నిండైన అర్థం ఈయన జీవితంలో దొరుకుతుంది. ఆయ్ మండలంలో పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులతో ఓడలో నేటి థాయిలాండ్‌లోని ద్వారవతికి వెళ్ళి, అక్కడ ప్రవ్రజ్య స్వీకరించాడు. తరువాత ఒక తాంగ్ రాయబారి వెంట చాంగాన్ చేరి, భారతదేశం నుంచి తిరిగివచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ సన్నిధిలో ఉపసంపద పొందాడు. నలందలో చదివి వచ్చిన మహాపండితుని వద్ద కొన్నేళ్ళు గడిపిన మీదటనే ఆయనకు భారతయాత్ర సంకల్పం కలిగింది. సింహళంలో దంతధాతువును సేవించి, దక్షిణ భారతం మీదుగా తూర్పు తీరానికి వచ్చాడు. తామ్రలిప్తి నదీముఖంలో దొంగలు ఓడను ధ్వంసం చేశారు. ప్రాణం ఒక్కటే దక్కింది. ఆ నగరంలోనే పన్నెండేళ్ళు నివసించి సంస్కృతాన్ని సాధించాడు.

673లో తామ్రలిప్తిలో దిగిన ఇత్సింగ్ కలుసుకున్నది ఈయననే. ఒకరు అప్పుడే వచ్చిన విద్యార్థి. మరొకరు పన్నెండేళ్ళుగా ఆ దేశపు భాషలో, ఆచారాలలో నలిగినవాడు. ఇద్దరూ కలిసి నలందకు బయలుదేరారు. ముందు వెళ్ళినవాడు వెనుక వచ్చినవానికి దారి చూపడం విదేశ విద్యాసన్నాహంలో అన్నిటికంటె పాత పద్ధతి. నేటికీ దానికి సాటి లేదు.

మజిలీ కొరవడితే కలిగే కష్టాన్ని కూడా ఇత్సింగ్ వ్రాశాడు. మగధలో అనేక దేశాలవారికి సొంత విహారాలున్నాయనీ, చైనా నుంచి వచ్చినవారికి మాత్రం అట్టిది లేకపోవడంతో రాకపోకలు దుర్భరమైనాయనీ ఆయన విచారించాడు. పూర్వం శ్రీగుప్త మహారాజు చైనా భిక్షువులకై కట్టించినదని చెప్పే విహారం ఆనాటికి శిథిలమై ఉంది. పరదేశ భిక్షువులకు ప్రత్యేకమైన ఆశ్రయం ఎంత అవసరమో తెలుగువారికి నాగార్జునకొండ తెలియజేస్తుంది. అక్కడి బోధిశ్రీ శాసనం సింహళ విహారాన్ని పేర్కొంటున్నది. తనవారి పేరుతో ఒక విహారం ఉన్న చోట కొత్త విద్యార్థికి భోజనం, వసతి, భాష, మర్యాద అన్నీ ఒక్క గడపలో దొరుకుతాయి. మోక్షదేవుని వంటి యువకుల అకాల మరణాలకు కారణమేమిటో ఇత్సింగ్ చెప్పలేదు. కాని వేణువనంలో వ్యాధితో పడి ఉన్న చిత్రదేవుని కథ చదివినవారికి ఆ గడప విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మహాయానప్రదీపుడు నలంద, వజ్రాసనం, వైశాలి దర్శించి చివరకు కుశీనగరంలోని పరినిర్వాణ విహారంలో అరవై దాటిన వయస్సులో దేహం చాలించాడు. తూర్పు దేశానికి తిరిగి వెళ్ళి ధర్మాన్ని వ్యాపింపజేయాలన్నదే తన తొలి సంకల్పమనీ, అది నెరవేరకముందే వార్ధక్యం వచ్చిపడిందనీ, వచ్చే జన్మలోనైనా అది తీరాలనీ ఆయన నిట్టూర్చేవాడట. భాషా మజిలీ రెండూ సంపూర్ణంగా అమరిన యాత్రికుడు ఆయన. ఆయనకు అమరనిది తిరుగుప్రయాణం.

కుంచెతో సంభాషణ

ఆ తరువాతి శతాబ్దాలలో వియత్నాం స్వతంత్ర రాజ్యమైంది. బౌద్ధం రాజాదరణ పొందింది. అయినా అక్కడి భిక్షువు బుద్ధవచనాన్ని ప్రధానంగా చైనీస్ లిపిలోనే చదివాడు. అక్షరం చైనాది, ఉచ్చారణ వియత్నాంది. ఈ లిపి విద్యార్థికి ఒక గొప్ప సౌకర్యం కల్పించింది: నోటిమాట తెలియకపోయినా చైనా, కొరియా, జపాన్ పండితులతో కుంచెతో వ్రాసి సంభాషించవచ్చు. 1905లో దేశభక్తుడు ఫాన్ బోయ్ చౌ జపాన్‌లోని యోకొహామాలో చైనా మేధావి లియాంగ్ చీచావోను కలిసినప్పుడు జరిగింది ఇట్టి కాగితపు సంభాషణయే.

ఫ్రెంచి పాలన నుంచి దేశాన్ని విడిపించుకోవడానికి విద్యావంతులు కావాలని తలచి ఫాన్ బోయ్ చౌ ప్రారంభించిన 'తూర్పు యాత్ర' ఉద్యమం వియత్నాం యువకులను జపాన్‌కు పంపింది. 1908 నాటికి వారి సంఖ్య సుమారు 200. అక్కడ వారికి ముందుగా జపనీస్ భాష, పిదప సాధారణ శాస్త్రాలు, సైనిక విద్య నేర్పే ఏర్పాటు జరిగింది. భాష ఉంది, మజిలీ ఉంది. కాని 1907లో ఫ్రాన్స్, జపాన్ దేశాల నడుమ ఒప్పందం కుదిరింది. దాని పర్యవసానంగా విద్యార్థులు చెదరిపోయారు. 1909లో ఫాన్ బోయ్ చౌ సైతం జపాన్ విడువవలసి వచ్చింది. చదువు నడుమ తెగితే చేరుకోవడానికి స్వదేశంలో వారికై తెరచి ఉన్న విద్యాలయం లేదు. పరాయి ప్రభుత్వాల దయపై నిలిచిన సన్నాహం ఎంత బలహీనమో ఈ ఉదంతం చూపింది.

ఇంతలో కుంచె విద్య కూడా అంతరించసాగింది. చైనీస్ లిపిలో జరిగే రాజాస్థాన పరీక్షలు 1919లో హ్యూ నగరంలో చివరిసారిగా జరిగాయి. తరువాతి తరం పాఠశాలలో ఫ్రెంచి చదివింది. మఠంలోని భిక్షువు చైనీస్ చదివాడు. ఒకరి చదువు మరొకరికి అందని స్థితి ఏర్పడింది.

హ్యూ నుంచి నలందకు

ఈ రెండు చదువులనూ ఒక్కచోట చేర్చే యత్నం హ్యూ నగరంలో జరిగింది. 1932లో అక్కడ వెలసిన బౌద్ధ అధ్యయన సంఘానికి ప్రాణం పోసినవాడు వైద్యుడైన లె దిన్ థామ్. ఆధునిక విద్య చదివిన గృహస్థ యువకులను ఆయన బౌద్ధ శాస్త్రాల వైపు మళ్ళించాడు. ఆ పరిసరంలో ఎదిగినవాడు 1918లో జన్మించిన దిన్ వాన్ నామ్. ఫ్రెంచి పద్ధతిలో పాఠశాల విద్య ముగించి, కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, 1946లో స్థవిరుడు థిక్ తిన్ ఖియెత్ వద్ద ప్రవ్రజ్య గ్రహించి థిక్ మిన్ చౌ అయ్యాడు. 'థిక్' అనగా శాక్య. వియత్నాం భిక్షువులు సాధారణంగా ధరించే వంశనామం అది. 1951 ప్రాంతంలో హ్యూలో 'బోధి' పేరుతో బౌద్ధులు నెలకొల్పిన ఉన్నత పాఠశాలకు ఆయన తొలి ప్రధానాధ్యాపకుడు. విదేశానికి విద్యార్థిగా వెళ్ళకముందే ఆయన ఇతరులకు విద్యాలయం నడపడం నేర్చుకున్నాడని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఆ కాలంలో వియత్నాం బౌద్ధులకు దక్షిణాసియాతో సంబంధం మరల ఏర్పడింది. 1950లో కొలంబోలో ప్రపంచ బౌద్ధ సౌభ్రాతృత్వ సంఘం స్థాపితమైనప్పుడు వియత్నాం నుంచి భిక్షువు థిక్ తో లియెన్ హాజరయ్యాడు. 1952లో మిన్ చౌ శ్రీలంకకు బయలుదేరాడు. అక్కడ దాదాపు మూడేళ్ళు పాలిభాష అభ్యసించిన తరువాతనే, 1955లో బీహారులోని నలందకు చేరుకున్నాడు. ఇత్సింగ్‌కు శ్రీవిజయమెట్టిదో, మహాయానప్రదీపునికి తామ్రలిప్తి ఎట్టిదో, మిన్ చౌకు సింహళం అట్టిది.

నలందలో ఆయనకు స్వాగతం పలికినది శిథిల విహారం కాదు. ప్రాచీన నలంద సమీపాన 1951లో బీహారు ప్రభుత్వం స్థాపించిన పాలి పరిశోధన సంస్థ నవ నాలందా మహావిహారంగా వికసించింది. దాని తొలి సంచాలకుడు భిక్షు జగదీశ్ కాశ్యప్ స్వయంగా శ్రీలంకలో పాలి చదివి వచ్చినవాడు. స్వతంత్ర భారతదేశం పరదేశ భిక్షువులకై మళ్ళీ తలుపు తెరిచిన చోటు అది.

రెండు ఆగమాల పోలిక

మిన్ చౌ ఎన్నుకున్న పరిశోధనాంశం ఆయన సన్నాహం నుంచే పుట్టింది. చైనీస్ మధ్యమాగమాన్నీ పాలి మజ్ఝిమనికాయాన్నీ పక్కపక్కన ఉంచి పోల్చడమే ఆ పని. మధ్యమాగమం 397-398లో కాశ్మీర భిక్షువు గౌతమ సంఘదేవుడు చైనీస్‌లోకి అనువదించినది. అందులో 222 సూత్రాలున్నాయి. పండితులు దానిని సర్వాస్తివాద నికాయానికి చెందినదిగా భావిస్తారు. థేరవాదుల మజ్ఝిమనికాయంలో 152 సుత్తాలున్నాయి. రెండింటికీ సామాన్యమైన సుమారు 98 సూత్రాలను మిన్ చౌ విడివిడిగా పరిశీలించాడు. ఎవరు ఎవరికి బోధించారు, ఎక్కడ బోధించారు, ఉపమానం ఏది, ధర్మాంశాల వరుస ఏది అన్న వివరాలలో భేదాలున్నాయి. మూల బోధలో మాత్రం రెండు సంప్రదాయాలూ విశేషంగా ఏకీభవిస్తున్నాయని ఆయన నిరూపించాడు. 1961లో ఈ పరిశోధనకు డాక్టరేట్ లభించింది.

ఈ పనికి మఠంలో నేర్చిన చైనీస్ కావాలి. సింహళంలో నేర్చిన పాలి కావాలి. గ్రంథరచనకు ఆంగ్లం కావాలి. ఐరోపా పండితుల కృషిని తెలుసుకోవడానికి పాఠశాలలో నేర్చిన ఫ్రెంచి ఉపకరిస్తుంది. అనగా వియత్నాం విద్యార్థి తన దేశపు పాత చదువును లోపంగా భావించి వదిలివేయలేదు. పాలి మాత్రమే తెలిసిన పండితునికి గాని, చైనీస్ మాత్రమే తెలిసిన పండితునికి గాని సాధ్యం కాని పనికి దానినే పనిముట్టుగా చేసుకున్నాడు. విదేశానికి వెళ్ళే విద్యార్థి ఖాళీ పాత్రతో వెళ్ళనక్కరలేదని ఈ గ్రంథం నిరూపిస్తున్నది. నలందలో ఉన్న కాలంలో ఆయన ఆసక్తి ఫాహియాన్, హ్యుయాన్‌త్సాంగ్‌ల యాత్రలపైనా నిలిచింది; వారిని గురించి చిన్న పుస్తకాలు వ్రాశాడు.

తిరిగి వచ్చిన నెలవు

ఈ పరిశోధన ఫలితం గ్రంథాలయానికే పరిమితం కాలేదు. 1963లో దక్షిణ వియత్నాంలో బౌద్ధులపై నిర్బంధం తీవ్రమైంది. ఆ ఏడాది జూన్ 11న సైగాన్ వీధిలో స్థవిరుడు థిక్ క్వాంగ్ దుక్ ఆత్మాహుతి చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఆరంభంలో మహాయాన, థేరవాద సంఘాలు కలిసి ఏకీకృత బౌద్ధ సంఘంగా ఏర్పడ్డాయి. రెండు సంప్రదాయాల మూల బోధ ఒక్కటేనని చూపిన మిన్ చౌ గ్రంథం అదే 1964లో సైగాన్‌లో అచ్చయింది. ఆయన కూడా ఆ ఏడే స్వదేశం చేరాడు. సంఘం స్థాపించిన ఉన్నత బౌద్ధ అధ్యయన సంస్థ వాన్ హాన్ విశ్వవిద్యాలయంగా రూపొందింది. అమెరికాలో అధ్యయన అధ్యాపనాలు సాగించి తిరిగివచ్చిన థిక్ నాట్ హాన్ కూడా దాని స్థాపకులలో ఒకడు. మిన్ చౌ 1975 వరకు దానికి కులపతిగా ఉన్నాడు.

విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు సార్థకమైనది. పదకొండవ శతాబ్దపు వాన్ హాన్ భిక్షువు లీ వంశ స్థాపకునికి గురుతుల్యుడు. ఆయన ధ్యాన పరంపరకు మూలపురుషుడు వినీతరుచి. 580లో వియత్నాం చేరిన భారతీయ భిక్షువుగా ఆ దేశపు సంప్రదాయం ఆయనను స్మరిస్తుంది. ఒకనాడు భారతదేశం నుంచి ఆచార్యుడు వచ్చి నాటిన పరంపర పేరును, భారతదేశంలో చదివి వచ్చిన విద్యార్థి నడిపిన విద్యాలయం ధరించింది. యుద్ధం నడుమ, బాంబుల నడుమ, వేలాది గృహస్థ విద్యార్థులకూ భిక్షువులకూ అది ఆశ్రయమైంది.

1975 తరువాత ఆ విశ్వవిద్యాలయం మూతపడింది. విదేశాలకు భిక్షువులను పంపడం కొన్నేళ్ళు నిలిచిపోయింది. ఈ విరామంలో కూడా సన్నాహం ఆగలేదు. 1981లో హనోయిలోనూ, 1984లో హోచిమిన్ నగరంలోనూ ఉన్నత బౌద్ధ విద్యాలయాలు మొదలైనప్పుడు వాటి బాధ్యత మిన్ చౌపైనే పడింది. 1990ల నుంచి దారులు తెరుచుకోగా, ఈ విద్యాలయాలలో తయారైన భిక్షువులూ భిక్షుణులూ ఢిల్లీ విశ్వవిద్యాలయపు బౌద్ధ అధ్యయన విభాగానికీ ఇతర కేంద్రాలకూ రాసాగారు. పూర్వం వ్యక్తుల పట్టుదలపై నడచిన యాత్ర ఇప్పుడు విద్యాలయం నుంచి విద్యాలయానికి నడిచే దారి అయింది.

ఈ కాలమంతటా మిన్ చౌ మరొక పని వదలలేదు. పాలి నికాయాలను నేరుగా వియత్నమీస్‌లోకి అనువదించాడు. 1991 నుంచి అవి వియత్నాం త్రిపిటక గ్రంథమాలలో వెలువడ్డాయి. వేయి సంవత్సరాలకు పైగా చైనీస్ అక్షరాల ద్వారా బుద్ధవచనాన్ని విన్న దేశంలో, ఆ లిపి చదవలేని రైతుబిడ్డ కూడా మధ్యమ ప్రమాణ సూత్రాలను తన ఇంటి భాషలో చదువుకోగలిగింది. తరువాత విదేశాలకు వెళ్ళే విద్యార్థికి పాలి ఇక పూర్తిగా కొత్త లోకం కాదు. మూలాన్ని పోల్చుకోవడానికి మాతృభాషలో ఒక గ్రంథం చేతిలో ఉంది. మిన్ చౌ 2012లో పరమపదించాడు.

నేడు భారతదేశంలోని బౌద్ధ విద్యాసంస్థలకు వచ్చే వియత్నాం విద్యార్థిని అతని మార్కుల పత్రంతో మాత్రమే కొలవడం అసమగ్రం. అతనికి ఏ భాషలు వచ్చును, తొలి ఏడాది ఎవరి పక్కన నిలదొక్కుకొంటాడు, తిరిగి వెళ్ళిన నాడు ఏ విద్యాలయం అతనికై ఎదురుచూస్తుంది అన్న మూడు ప్రశ్నలు చేర్చుకునే సంస్థ ఇత్సింగ్ సలహాను ఆచరించినట్లే. కుశీనగరంలో కన్నుమూసిన మహాయానప్రదీపునికి మూడవ ప్రశ్నకు జవాబు దొరకలేదు. తిరిగి వెళ్ళి బోధించాలన్న ఆయన కోరిక ఆయ్ మండలపు దేశంలోనే, సైగాన్ తరగతి గదిలో, మరొక భిక్షువు ద్వారా తీరింది.